పిల్లి గడ్డం కింద నల్ల చుక్కలు: కాపడమా, మందా, గిన్నె మార్చడమా?

మా గౌరి తెల్ల పిల్లి. దాని గడ్డం కింద ముగ్గుపిండిలో నల్ల ఇసుక కలిసినట్లు చుక్కలు కనిపించడం మొదలైన నాటి నుంచి, మా ఇంటికి వచ్చిన వారిలో పిల్లులు పెంచే ప్రతి ఒక్కరూ ఒకే ప్రశ్న వేస్తున్నారు. "దీనికి ఏం రాశారు? ఏది మేలు?" తిరుపతిలో అపార్టుమెంట్లు పెరిగిన కొద్దీ ఇంట్లోనే ఉండే పిల్లులూ, ముఖ్యంగా బొద్దుగా ముఖం అణిగినట్లుండే పర్షియన్ జాతివీ పెరిగాయి కనుక, ఈ ప్రశ్న నాకు వారానికి ఒకసారైనా ఎదురవుతోంది. సలహాలకు మాత్రం కొదవ లేదు. ఒకరు ప్లాస్టిక్ గిన్నె పారేయమంటారు, ఒకరు మందుల షాపులో ట్యూబు కొనమంటారు, చిత్తూరులో ఉన్న మా పెద్దమ్మ అయితే "పసుపు రాస్తే పోయేదానికి ఆసుపత్రి దేనికే?" అని ఫోనులోనే తేల్చేసింది. ఇలాంటి సలహాల్లో నాలుగింటిని నేను వాడి చూశాను కనుక, తూకం వేసి చెప్పే ప్రయత్నం చేస్తాను.

అయితే అవి పిల్లి గడ్డానికి వచ్చే మొటిమల తాలూకు చుక్కలేనా అన్నది ముందు రూఢి చేసుకోవాలి. తడిపిన తెల్ల దూదితో ఆ చోట అద్ది, దూదికి అంటిన నలుసులను ఒక నిమిషం గమనించండి. నలుసు చుట్టూ ఎర్రటి గోధుమరంగు తడి వ్యాపిస్తే అది గోమారి (ఒంటి మీద రక్తం పీల్చే పురుగు, ఇంగ్లీషులో ఫ్లీ) పెంట, అంటే పిల్లి రక్తమే జీర్ణమై వచ్చిన మలం. అప్పుడు చూడవలసింది గడ్డాన్ని కాదు, మొత్తం ఒంటిని. నలుసు కరగకుండా మైనపు ముక్కలా నల్లగానే ఉండిపోతే, అది రోమకూపంలో గడ్డకట్టిన కొవ్వూ, రాలని చర్మపు పొట్టూ కలిసిన బిరడా. వెంట్రుకలు గుండ్రంగా ఊడి, పొలుసులు లేస్తుంటే తామర అనుమానించాలి. అది మనుషులకూ అంటుకుంటుంది కనుక దాన్ని ఇంటి వైద్యానికి వదిలేయకూడదు.

ఇక అసలు విషయం. పెద్దమ్మ మాట తీసేయలేక ఒక సాయంత్రం గౌరి గడ్డానికి కొంచెం పసుపు తడిపి రాశాను. అరగంట తరువాత చూస్తే గడ్డం మీద పసుపు సగమే మిగిలింది. తక్కిన సగంలో కొంత దాని కుడి ముందరికాలి లోపలి వైపున, కొంత పెదవుల అంచున, కొంత సోఫా మూల మీద, మరికొంత పాల గిన్నె అంచు మీద తేలింది. తన గడ్డాన్ని తాను నేరుగా నాకడం పిల్లికి కుదరదు. ఆ చోటు మురికిపడడానికి అదీ ఒక కారణమే. కానీ ముందరికాలితో తుడుచుకుని ఆ కాలిని నాకుతుంది. గడ్డం కింద వాసన వదిలే గ్రంథులు దండిగా ఉంటాయి కనుక, ఇది నా చోటు అని చెప్పడానికి కుర్చీ కోళ్లకూ తలుపు అంచులకూ రుద్దుతుంది. తినేటప్పుడు అదే గడ్డాన్ని గిన్నెకు ఆనిస్తుంది. పసుపు ఆ మొటిమలకు చేసిన మేలు ఏమీ లేదు గాని, గడ్డానికి రాసినది ఎక్కడెక్కడికి పోతుందో తెల్ల పిల్లి మీద పటం గీసినట్లు చూపించింది. ఏ మందు ఎంత త్వరగా చుక్కలను పోగొడుతుందన్నది కాక, అది నోట్లోకి వెళితే ఏమవుతుందన్నదే ఈ ఎంపికలో నిర్ణాయకమైన ప్రశ్న అని నాకు ఆ రోజే తట్టింది.

పిల్లి విషయంలో ఈ ప్రశ్నకు మరింత బరువు ఉంది. మన కాలేయం అనేక రసాయనాలకు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని జోడించి, నీటిలో కరిగేలా చేసి బయటికి పంపిస్తుంది. ఆ పని చేసే ఎంజైములలో ముఖ్యమైనది పిల్లిలో సరిగా పనిచేయదు. మనకు జ్వరం తగ్గించే పారాసిటమాల్ బిళ్ల ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలగడానికి కారణం ఇదే. ఫీనాల్ జాతి పదార్థాలను అది తేలికగా విసర్జించలేకపోవడానికీ ఇదే కారణం. డెట్టాల్‌లో ఉండే క్లోరోజైలినాల్ ఆ జాతిదే కాబట్టి, ఎంత పలుచన చేసినా దాన్ని పిల్లి ఒంటికి తాకించకూడదు. మొటిమలకు మంచిదని పేరు పడ్డ టీ ట్రీ నూనె కూడా పిల్లికి విషమే.

ఈ కొలత పెట్టి చూస్తే మొదటి స్థానం ఉప్పునీటి కాపడానిదే. కాచి చల్లార్చిన పావు లీటరు నీటిలో అర టీస్పూను ఉప్పు కరిగిస్తే సుమారుగా ఒంట్లోని ద్రవాలకుండే ఉప్పదనం వస్తుంది. పసిబిడ్డ స్నానానికి మోచేతి మీద పోసి చూసుకునే గోరువెచ్చదనం చాలు. పాత పంచె ముక్కను నాలుగు మడతలు చేసి, ఆ నీటిలో ముంచి పిండి, పిల్లి వీపు మన పొట్టకు ఆనేలా ఒళ్లో కూర్చోబెట్టుకుని, గడ్డానికి ఆనించి పట్టుకోవాలే గాని రుద్దకూడదు. గుడ్డ చల్లబడినప్పుడల్లా మళ్లీ ముంచుతూ ఐదు నిమిషాలు, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. తరువాత పొడిగుడ్డతో తడి అద్దేయడం మరవకూడదు, ఎందుకంటే చెమ్మగా ఉండిపోయిన గడ్డం మళ్లీ మొదటికే వస్తుంది. గౌరి మొదటి రెండు రోజులు నా చేతి మీద గోళ్ల గుర్తులు వేసింది. మూడో రోజు నుంచి అన్నం తిని నిద్రమత్తులో ఉన్నప్పుడు పట్టుకోవడం నేర్చుకున్నాను. మొదటి వారం ఏ మార్పూ లేక విసుగు పుట్టింది. రెండో వారంలో మెత్తబడిన బిరడాలు గుడ్డకు నల్లటి ఆవగింజల పొట్టులా అంటుకుని రావడం మొదలైంది. రాని వాటిని గోటితో గిల్లితే రోమకూపం లోపలే పగిలి చీము పడుతుంది కనుక ఆ చేతి దురదను అణచుకోవాలి. చేతిలో కాపడం గుడ్డ పట్టుకుని కూర్చున్నప్పుడు, గిల్లకుండా ఉండడం నాకు మనుషుల మొటిమల విషయంలో కన్నా కష్టమనిపించింది.

కాపడం చేయలేనిది ఒకటుంది. అది బిరడాను వదులు చేస్తుంది గాని సూక్ష్మజీవులను చంపదు. చుక్కలు ఎర్రటి పొక్కులుగా మారి, నొక్కబోతే పిల్లి తల వెనక్కి తీసుకుంటుంటే, సూక్ష్మజీవులను చంపే క్లోర్‌హెక్సిడిన్‌కు తిరుగులేదు. ఇక్కడ జాగ్రత్త అంతా గాఢతలో ఉంది. రెండు శాతం ద్రావణం ఒక వంతును నలభై వంతుల నీటిలో కలిపితే సుమారు 0.05 శాతం అవుతుంది. గాయాలు కడగడానికి వాడేది ఆ పాటి పలుచనిదే. సీసా మీద శాతం చదవకుండా అందాజాగా పోయడం, స్పిరిట్ కలిసిన చేతుల మందును తెచ్చి రాయడం రెండూ ప్రమాదమే. దూదితో అద్ది, కొన్ని నిమిషాలు ఉంచి, మామూలు నీటి గుడ్డతో తుడిచేస్తే నోట్లోకి పోయే భాగం చాలా తగ్గుతుంది. కళ్లలోకీ చెవుల్లోకీ మాత్రం ఒక్క చుక్క పోకూడదు. సావ్లాన్‌లోనూ క్లోర్‌హెక్సిడిన్ ఉంది కదా అని కొందరు అడుగుతారు. దానితో పాటు సెట్రిమైడ్ కూడా ఉంటుంది, ఆ జాతి రసాయనాలు పిల్లి నాలుకను పుండ్లు పడేలా కాల్చగలవు. జంతువుల కోసమే తయారయ్యే క్లోర్‌హెక్సిడిన్ తుడుపు గుడ్డలు దొరికితే ఈ లెక్కల బాధే ఉండదు.

మొటిమలకు రాసే బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ పనిచేయదని నేను అనను. రోమకూపంలో పేరుకున్న జిడ్డును అది చక్కగా కడిగేస్తుంది. నేను పశువైద్యులను అడగకుండానే మనుషుల కోసం అమ్మే ఐదు శాతం జెల్ తెచ్చాను. "మనుషులకు పనిచేసేది పిల్లికి పనిచేయదా మేడం?" అని షాపు అబ్బాయి అన్నాడు, నేనూ నమ్మాను. మూడో రోజుకు గౌరి గడ్డం ఎండి, ఎర్రబడి, పొట్టు లేచింది. అది ఎప్పుడూ పడుకునే నీలం దిండు గలీబు మీద రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ పడింది. గుడ్డ రంగును ఊడగొట్టే గుణం ఆ మందుకుంది. పసుపు చెప్పిన మాటనే ఆ మచ్చ రెండోసారి చెప్పింది. వైద్యులు చూసి, తక్కువ గాఢత గలది ఇచ్చి, ఎంతసేపు ఉంచి కడిగేయాలో చెబితే వాడవచ్చు గాని, సొంతంగా కొనే మందు మాత్రం కాదు.

మ్యుపిరోసిన్ పూత చీము పట్టినప్పుడు మంచిదే, అయితే అది యాంటీబయాటిక్ కనుక వైద్యుల చీటీ మీదే కొనాలి. అంతకన్నా నన్ను భయపెట్టేది స్టెరాయిడ్, యాంటీబయాటిక్, తామర మందు మూడూ కలిపి నూరిన ట్యూబులు. రాసిన మూడు రోజుల్లో ఎరుపు తగ్గి మహిమలా కనిపిస్తాయి. అసలు జబ్బు తామరో, డెమోడెక్స్ అనే, చర్మంలో చేరే కంటికి కనబడని పురుగో అయితే స్టెరాయిడ్ దాన్ని చర్మం కింద పెంచి పోషిస్తుంది.

వేపనూనె, కొబ్బరినూనె గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. జిడ్డు వల్ల పూడిన రంధ్రానికి మరింత జిడ్డు పూయడం తర్కానికి నిలవదు. పైగా వేపనూనె నాకిన పిల్లి చొంగ కారుస్తూ తిండి మానేసే ప్రమాదం ఉంది. కుప్పింటాకు నూరి రాయమన్నవారూ ఉన్నారు. ఆ మొక్క వేరు కనబడితే పిల్లులు వెర్రెత్తినట్లు పొర్లుతాయని పెరడు ఉన్న ఇళ్లవారికి తెలుసు. నాకకూడని చోట నాకాలనిపించే వస్తువును రాయడం ఎందుకు?

ఇక గిన్నె సంగతి. ఈ జబ్బుకు కచ్చితమైన కారణం ఇదీ అని వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు. ఒంటిని సరిగా శుభ్రం చేసుకోకపోవడం, జిడ్డు ఎక్కువగా ఊరడం, ఒత్తిడి, అలర్జీ, ప్లాస్టిక్ గిన్నెలు అన్నవి అనుమానితుల జాబితాలో ఉన్నవే. మా ఇంట్లోనే మరో పిల్లి, నల్లోడు, గౌరి తిన్న అదే ప్లాస్టిక్ ఐస్‌క్రీం డబ్బాలో రెండేళ్లు పెరుగన్నం తిన్నాడు. వాడి గడ్డం నల్లగా ఉండడంతో కంటికి తెలియదని వేలితో తడిమి కూడా చూశాను, ఒక్క గరుకు లేదు. కాబట్టి ప్లాస్టిక్కే దోషి అని నేను ప్రమాణం చేయలేను. గౌరికి గిన్నె మార్చిన వారమే కాపడమూ మొదలుపెట్టాను కనుక, ఏది ఎంత మేలు చేసిందో విడదీసి చెప్పడమూ నా వల్ల కాదు. అయినా గిన్నె మార్చమనే చెబుతాను. పీచుతో తోమిన కొద్దీ ప్లాస్టిక్ మీద గీతలు పడతాయి, ఆ గీతల్లో నెయ్యీ చేపల జిడ్డూ నిలిచి సూక్ష్మజీవులకు గూడు అవుతాయి, మరిగే నీళ్లు పోసి కడుగుదామంటే గిన్నె వంకర పోతుంది.

స్టీలు, పింగాణీ, గాజు మూడింటిలో నా ఓటు స్టీలుకే. కారణం చాలా చిన్నది. రెండు పూటలా గిన్నె కడగడమే ముఖ్యం, స్టీలు ప్లేట్లు ఇంట్లో నాలుగైదు అదనంగా ఉంటాయి కనుక ఒకటి కడుగుతుండగా ఇంకొకటి వేయవచ్చు. పింగాణీ బరువుగా ఉండి కదలదు, అది మేలే, కానీ పైపూతలో వెంట్రుకవాసి బీట పడితే ప్లాస్టిక్ గీతకూ దానికీ తేడా ఉండదు. గాజుకూ ఇదే మాట. స్టీలుతో ఉన్న చిక్కల్లా గ్రానైట్ నేల మీద జారి, తెల్లవారుజామున టంగుమని మోగడమే. కింద తడిగుడ్డ వేస్తే ఆ రగడ తీరిపోయింది. లోతు గిన్నె కాక చిట్టి సాసరు లాంటి లోతులేని ప్లేటు అయితే గడ్డం అన్నంలో మునగదు. ముఖం అణిగిన పర్షియన్ పిల్లులకు గిన్నె దేనితో చేశారన్న దానికన్నా ఈ లోతే ఎక్కువ ముఖ్యమని నా అభిప్రాయం.

చేపనూనె మాత్రలు కొందరు వైద్యులు సూచిస్తారు, కడుపుకు పడితే వేయవచ్చు. గడ్డం కింద వెంట్రుకలు కత్తిరించడం పొడవు జూలు పిల్లులకు కాపడం సులువు చేస్తుంది, అంతవరకే.

రెండు మూడు వారాలు కాపడం పెట్టినా పొక్కులు పెరుగుతుంటే, గడ్డం వాచి కింది పెదవి ముందుకు పొడుచుకు వస్తే, పిల్లి తిండి దగ్గర వెనుకాడితే, ఇక పోలికలు చూసే సమయం కాదు. చర్మాన్ని కొద్దిగా గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తేనే పురుగో, తామరో, చీము పట్టడమో తేలుతుంది. తిరుపతిలో పశువైద్య కళాశాలకు అనుబంధంగా బోధనాసుపత్రి ఉండడం మనకు కలిసి వచ్చిన విషయం. తీసుకువెళ్లే ముందు రోజు మాత్రం గడ్డానికి ఏ పూతా రాయకండి, అప్పుడే గీకి తీసిన నమూనాలో ఉన్నది ఉన్నట్లు కనిపిస్తుంది.

గౌరి గడ్డం కింద ఇప్పటికీ నాలుగైదు చుక్కలు ఉన్నాయి. ఎరుపు లేదు, నొప్పి లేదు. కేవలం చుక్కలే ఉండి పిల్లికి ఏ ఇబ్బందీ లేనప్పుడు వైద్యమే అక్కరలేదని మా పశువైద్యురాలు చెప్పడంతో, వారానికి రెండు కాపడాలతో సరిపెట్టి వాటిని అలాగే వదిలేశాను.