అమ్మ వైపు నుంచి వచ్చే బీపీ: ముందు జన్యు పరీక్షా, వంశ వివరాలా?

అమ్మకూ, అమ్మమ్మకూ, మేనమామకూ బీపీ ఉన్న చెన్నై తెలుగు కుటుంబాల్లో, ముప్పై దాటిన పిల్లలు నేరుగా మైటోకాండ్రియా (కణాల్లో శక్తిని తయారుచేసే భాగాలు) జన్యు పరీక్ష చేయించుకోవాలా, లేక వంశ వివరాలు రాసుకుని మామూలు పరీక్షలతో మొదలుపెట్టాలా అని అడుగుతుంటారు. ఎక్కువమందికి రెండో దారే మేలని నా నమ్మకం.

జన్యు పరీక్షకు ఆధారం లేదని కాదు. 16,569 జతల రసాయన అక్షరాలూ 37 జన్యువులూ ఉన్న మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే పిల్లలకు అందుతుంది. యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రకటించిన ఒక పెద్ద కుటుంబంలో, ఆ డీఎన్ఏలోని ఒక టీఆర్ఎన్ఏ జన్యువులో (ప్రోటీన్ల తయారీకి తోడ్పడేది) ఒక్క అక్షరం మారినందుకే తల్లి వైపు వారిలో అధిక రక్తపోటు, అధిక కొలెస్ట్రాల్, మెగ్నీషియం లోపం కనిపించాయి. అయితే అలాంటి కుటుంబాలు చాలా అరుదు. మార్పు బయటపడినా దాన్ని సరిదిద్దే మందు లేదు. వాడవలసినవి మామూలు బీపీ మాత్రలే.

వంశ వివరాలకు ఖర్చు లేదు కానీ ఓపిక కావాలి. మన వంశవృక్షాలు ఇంటిపేరు వెంట నడుస్తాయి. తల్లి వరుసలోనేమో తరతరానికీ ఇంటిపేరు మారిపోతుంది. అందుకే అమ్మమ్మ అక్కచెల్లెళ్లను, పెద్దమ్మ, పిన్నిల పిల్లలను గుర్తుచేసుకుని, ఎవరికి ఏ వయసులో బీపీ మొదలైందో రాయాలి. మేనమామకు మైటోకాండ్రియా మార్పు ఉండవచ్చు గానీ ఆయన నుంచి పిల్లలకు రాదు. మేనరికాలున్న ఇళ్లలో ఇక్కడే పొరబడతాం: ఒక అమ్మాయి సొంత మేనమామను పెళ్లాడితే, భార్యాభర్తలిద్దరిదీ ఒకే తల్లి వరుస కాబట్టి, బీపీ తండ్రి నుంచి పిల్లలకు వచ్చినట్టు కనిపిస్తుంది, నిజానికి ఆ డీఎన్ఏ వారికి అందేది తల్లి నుంచే. ఈ సంగతి డాక్టరుకు విడమరిచి చెప్పాలి.

మామూలు పరీక్షల వల్ల చికిత్సే మారిపోవచ్చు. పొటాషియం తగ్గి, రక్తపోటును అదుపుచేసే రెనిన్, ఆల్డోస్టెరాన్ రెండూ తక్కువగా ఉంటే, మూత్రపిండాలు ఉప్పును అతిగా నిలుపుకునే లిడిల్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బును అనుమానిస్తారు. తల్లిదండ్రుల్లో ఎవరి నుంచైనా రాగల ఆ జబ్బుకు ఎమిలోరైడ్ అనే మందు బాగా పనిచేస్తుంది. ఇంట్లో అయిదు నిమిషాలు కూర్చున్నాక తీసిన కొలతల సగటు 135/85 దాటితే, ఏ జన్యు పరీక్ష కోసమూ ఆగకుండా డాక్టరును కలవాలి.

తల్లి వరుసలో బీపీతో పాటు నడివయసులో చెవుడు, సన్నగా ఉన్నవారికీ షుగర్, కండరాల బలహీనత కనిపిస్తే మాత్రం మైటోకాండ్రియా పరీక్షను వాయిదా వేయకూడదు. అప్పుడు రక్తంతో సరిపెట్టుకోకుండా మూత్రం నమూనా కూడా తీసుకుంటారా అని అడగాలి. షుగర్, చెవుడు కలిసి వచ్చే కుటుంబాల్లో తరచుగా కనిపించే, మైటోకాండ్రియా డీఎన్ఏలో 3243వ స్థానంలోని మార్పు వయసు పెరిగేకొద్దీ రక్తంలో తగ్గిపోతుంది, మూత్రంలో మాత్రం మెరుగ్గా దొరుకుతుంది.