పాత వాచీయా, పాత పోలికతో వచ్చిన కొత్తదా: ఏది మేలు?

యాభై అరవై ఏళ్ల నాటి వాచీ ఫొటో చూసి మనసు పారేసుకున్నవాళ్ల కోసం పేరున్న కంపెనీలన్నీ ఇప్పుడు అదే డయల్, అవే ముళ్లతో కొత్త వాచీలు చేస్తున్నాయి. ముఖం చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. వెనక మూత తీస్తేనే ఎవరి వారసత్వం ఎంతో తెలిసేది.

ముందుగా ఒమేగా, జెనిత్. ఒమేగా స్పీడ్‌మాస్టర్ 1957లో వచ్చింది, 1969లో చంద్రుడి దాకా వెళ్లింది. ఆ తొలినాళ్ల 321 మూవ్‌మెంట్ (అంటే వాచీని నడిపే లోపలి యంత్రం) స్థానంలో 1968లో 861 వచ్చింది. 2021 మోడల్‌లో ఉన్న 3861 దాని వంశానిదే. ఇప్పటికీ చేత్తోనే కీ ఇవ్వాలి. కానీ 15,000 గాస్ (అయస్కాంత బలానికి కొలమానం) దాకా అయస్కాంతాన్ని తట్టుకుంటుంది, రోజుకు ఐదు సెకన్లకు మించి ముందుకు పోదు. పాతదానికి అంత శక్తి లేదు.

జెనిత్ కథ వేరు. 1969 నాటి ఎల్ ప్రిమెరో మూవ్‌మెంట్ గంటకు 36,000 సార్లు కొట్టుకుంటుంది, అందుకే సెకనులో పదో వంతును కొలవగలదు. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీల దెబ్బకు 1975లో అమెరికన్ యజమానులు మెకానికల్ తయారీ ఆపేయమన్నారు. చార్లెస్ వెర్మో అనే ఉద్యోగి ఆ మాట వినకుండా ప్లాన్లు, పనిముట్లు అటకెక్కించి దాచాడు. ఆయన దాచకపోతే ఆ మూవ్‌మెంట్ మళ్లీ బతికేదే కాదు. తర్వాత రోలెక్స్ కూడా 1988 నుంచి 2000 దాకా తన డేటోనా వాచీలో దాన్నే బాగా మార్చి వాడుకుంది. 2019లో తెచ్చిన ఎ386 రివైవల్‌లో అదే 38 మి.మీ. కేసు, ఒకదానిమీదొకటి ఎక్కిన మూడు రంగుల చిన్న డయళ్లు, నాలుగున్నర దగ్గర ఇరుక్కున్న తేదీ కిటికీ కూడా అలాగే ఉంచారు. ఆ కిటికీ నాకు నచ్చదు, అయినా తీసెయ్యనందుకు సంతోషించాను. రోజూ పెట్టుకోవడానికి ఒమేగా మేలు. గతం మీద ప్రేమతో కొనేవాళ్లకు నా ఓటు జెనిత్‌కే.

లాంజీన్, టూడర్‌లను పక్కపక్కన పెడితే సంగతి తిరగబడుతుంది. లాంజీన్‌ది గొప్ప గతం. 1936 నాటి 13జెడ్ఎన్ క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ ఉన్న వాచీ) మూవ్‌మెంట్ సొంత ఫ్యాక్టరీలో పుట్టింది. ఇప్పటి మూవ్‌మెంట్లు మాత్రం స్వాచ్ గ్రూపులోనే మూవ్‌మెంట్లు చేసే ఈటీఏ కంపెనీ నుంచి వస్తాయి. 1959 నాటి డైవింగ్ వాచీకి 2007లో లెజెండ్ డైవర్ పేరుతో మళ్లీ ప్రాణం పోశారు. చూడ్డానికి చక్కగా ఉంటుంది, పనితనానికీ వంక పెట్టలేం. ఆ పాత ఫ్యాక్టరీ గర్వం మాత్రం లోపల కనిపించదు.

రోలెక్స్‌కు చెల్లెలి లాంటి కంపెనీ టూడర్‌కు అసలు అలాంటి గర్వమే లేదు. రోలెక్స్ కేసు, బయట కొన్న మూవ్‌మెంట్, తక్కువ ధర, అదీ దాని పాత లెక్క. 2012లో బ్లాక్ బే మొదలైనప్పుడూ లోపల ఈటీఏనే. 2016లో సొంత మూవ్‌మెంట్ వచ్చింది. 2018 నాటి బ్లాక్ బే ఫిఫ్టీ ఎయిట్ 39 మి.మీ. ఉంటుంది, ఫుల్ కీ మీద 70 గంటలు నడుస్తుంది. 1958 పేరు పెట్టి 1969 నాటి ముళ్లు తగిలించారని గొణుక్కునేవాళ్లున్నారు, అది నిజమే. అయినా ఇక్కడ తాత కంటే మనవడే గట్టి.

ఇక టాగ్ హ్యూయర్ వాళ్ల ఆటావియా. 1962లో ఆ పేరుతో వచ్చిన చేతి వాచీ అంటేనే స్టాప్‌వాచ్. 2019లో అదే పేరును స్టాప్‌వాచ్ లేని మూడు ముళ్ల వాచీకి పెట్టారు. దీనిమీద ఇంతకంటే చెప్పేదేం లేదు.

అన్నిటికన్నా నాకు చిరాకు తెప్పించేది, కొత్త డయల్ మీద వేసే పసుపు లూమ్ (చీకట్లో మెరిసే పూత). పాతవాటిలో ట్రిటియం పూత ఏళ్ల తరబడి పండి ఆ రంగుకు వచ్చింది. దాన్ని ఫ్యాక్టరీలోనే పూయడమంటే కుర్రాడి జుట్టుకు సున్నం రాసి పెద్దమనిషి అనడమే.

మరి అసలు పాతదే కొంటే? నేనూ ఒకటి కొన్నాను. డయల్ మీద ఎవరో మళ్లీ రంగు వేశారని ఆరు నెలల తర్వాత, సర్వీసుకు ఇచ్చినప్పుడు తెలిసింది. రబ్బరు సీళ్లు ఎండిపోయి ఉంటాయి కాబట్టి డైవింగ్ వాచీ అయినా సరే నీళ్ల దగ్గరికి తీసుకెళ్లకూడదు. కొన్నిటికి విడిభాగాలూ దొరకవు. అందుకే ఒకే వాచీ కొనే స్తోమత ఉంటే కొత్తదే తీసుకోండి. పాతదే కావాలనుకుంటే మాత్రం, డబ్బు చేతికిచ్చే ముందు మూత తీయించి చూడండి.