డబ్బులిచ్చి కొన్న తుంగ: బర్క్‌లీ సెడ్జ్‌తో రెండు వేసవులు

"ఇది తుంగ కదమ్మాయ్? డబ్బులిచ్చి కొన్నావా?" అన్నారు మామయ్యగారు, మొన్న ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా ఇంటికి వచ్చిన మర్నాడే, కాఫీ గ్లాసుతో ఇంటి ముందు నిలబడి, లాన్ చోట నేను నాటిన బర్క్‌లీ సెడ్జ్ దుబ్బులు చూస్తూ. పొన్నూరు దగ్గర నలభై ఏళ్లు వరి చేలో తుంగ పీకించిన మనిషి. 60 మొక్కలు, ఒక్కోటి ఏడు డాలర్లు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆయన అన్నది నిజమే, ఇదీ తుంగ కుటుంబానిదే. పోయినేడాది ఎండిపోయిన పూకాడ ఒకటి తుంచి, వేళ్ల మధ్య తిప్పి చూపించారు. గడ్డి కాడయితే గుండ్రంగా దొర్లిపోతుంది. ఇది దొర్లలేదు, మూడు పలకలూ చేతికి తగిలాయి. తర్వాత నన్ను అడక్కుండానే స్క్రూడ్రైవరుతో ఒక దుబ్బు పక్కన తవ్వి చూశారు. "గడ్డల్లేవే!" అన్నారు. ఆయనకి కావాల్సింది అదే. మన తుంగ మట్టిలో గడ్డల మీద గడ్డలు పెట్టుకుంటూ పోతుంది, పీకేకొద్దీ వస్తుంది. ఇది మాత్రం దుబ్బుగా, ఉన్న చోటే పెరుగుతుంది. మరీ నిటారుగా కాకుండా అడుగు, అడుగున్నర ఎత్తున ఫౌంటెన్‌లా వంగి ఉంటుంది. చలికాలంలో కూడా పచ్చగానే ఉంటుంది.

అసలు దీన్ని ఎందుకు వేశానంటే, లాన్‌తో విసిగిపోయి. 2015లో అప్పటి కాలిఫోర్నియా గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఊళ్లలో నీటి వాడకం 25 శాతం తగ్గించమన్నప్పుడే మా లాన్ సగం పోయింది. మిగిలిన సగానికి వారానికి మూడుసార్లు స్ప్రింక్లర్లు తిప్పేవాళ్లం. ఇక్కడ మే నుంచి అక్టోబరు దాకా వానలు దాదాపు ఉండవు. 2023 నవంబరులో లాన్ తవ్వించేసి ఇవి నాటాను. లాన్ తీసేస్తే నీళ్ల శాఖ వాళ్లు డబ్బులిస్తారు, కానీ తవ్వకముందే అప్లై చేసి అనుమతి తీసుకోవాలట. నేను తవ్వాక అప్లై చేశాను. ఒక్క డాలరూ రాలేదు. మీరయినా ఆ పని ముందు చేయండి.

ఇక కొన్న చోటు సంగతి. పేరు చెప్పను. నాలుగంగుళాల కుండీలు, వేళ్లు బాగున్నాయి, ఒక్క మొక్కా కుళ్లింది రాలేదు. నా గొడవల్లా లేబుల్‌తోనే. దాని మీద రెండు మాటలున్నాయి: "కాలిఫోర్నియా సొంత మొక్క", "నీళ్లు అక్కర్లేదు". రెండూ తప్పే. బర్క్‌లీ సెడ్జ్ అని అమ్మేది ఎక్కువగా కారెక్స్ డివల్సా, అంటే యూరప్ వైపు నుంచి వచ్చింది. ఇక్కడి సొంత మొక్క కారెక్స్ ట్యుములికోలా, అది వేరు. ఏళ్ల తరబడి నర్సరీల్లో ఒకదాని పేరుతో ఇంకోటి అమ్మారు. చూడ్డానికి నాకేం తేడా లేదు కానీ, సొంత మొక్కలే కావాలనుకునేవాళ్లు బొటానికల్ పేరు అడిగి మరీ కొనండి.

నీళ్ల విషయంలో మాత్రం నిజంగా దెబ్బతిన్నాను. లేబుల్ నమ్మి మొదటి వేసవి మే, జూన్ నెలల్లో డ్రిప్ ఆపేశాను. డ్రైవ్‌వే అంచున, సాయంత్రపు ఎండ సిమెంటు మీద పడి మళ్లీ ఎగదన్నే చోట, తొమ్మిది మొక్కలు గడ్డివాములోంచి పీకినట్టు అయిపోయాయి. టెన్షన్‌తో వెంటనే డ్రిప్ పెట్టాను, వారానికోసారి, నీళ్లు లోపలికి దిగేదాకా. మిగతా 51 బతికాయి. ఈ వేసవి రెండు వారాలకోసారి సరిపోతోంది. మేపుల్ చెట్టు నీడలో ఉన్నవయితే అదీ అడగడం లేదు. మాది బంకమట్టి, దానికీ ఏమీ అనలేదు. పూర్తి ఎండలో మాత్రం కొసలు పసుపెక్కుతాయి. సగం నీడ ఉన్న చోటుకే ఇది అసలు సిసలు మొక్క.

పని కూడా తక్కువే. ఏడాదికోసారి, చలికాలం చివర్లో, మూడు నాలుగంగుళాలు ఉంచి కోయాలి. ఈసారి మామయ్యగారే కోశారు. కొడవలి అడిగారు, మా ఇంట్లో లేదని చెప్తే కత్తెర తీసుకుని, వరి పిడికిలి పట్టినట్టు ఎడం చేత్తో దుబ్బు పట్టుకుని గంటలో అయిపోగొట్టారు. "చాపకి పొడుగు చాలదు" అని ఓ నిట్టూర్పు కూడా. ఏప్రిల్‌కల్లా మళ్లీ నిండుగా వచ్చేశాయి. ఒక్క చికాకు ఏంటంటే, గింజలు రాలి డ్రైవ్‌వే పగుళ్లలో పిల్లమొక్కలు మొలుస్తున్నాయి. చిన్నప్పుడే పీకితే సులువుగా వస్తాయి.

అయిదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటీ లేబుల్ ఖాతాలోకి.

చచ్చిన తొమ్మిదింటి చోట మళ్లీ అవే నాటుదామనుకున్నాను. ఈలోగా మామయ్యగారు మే నెలలో ఆ ఖాళీల్లో గోంగూర గింజలు వేసేశారు. ఆ ఎండ దానికి పండగలా ఉంది, మోకాలు దాటింది. రోజూ పొద్దున్నే ఆయన చెంబుతో పోసే నీళ్లు చూస్తే, 51 సెడ్జ్ దుబ్బులు రెండు వారాల్లో తాగేదానికన్నా ఎక్కువేనేమో. నేనేం అనలేదు. శనివారం పచ్చడి చేస్తున్నాను.