సీప్యాప్ కార్డా, దిండు పక్కన డైరీయా?

నిద్రలో శ్వాస మాటిమాటికీ ఆగిపోయే స్లీప్ ఆప్నియాకు ప్రతి రాత్రీ సీప్యాప్ (పీడనంతో గాలిని పంపే యంత్రం) మాస్కు పెట్టుకుంటున్నా తెల్లారేసరికి ఒళ్లు బడలికగానే ఉంటే, కారణం వెతకడానికి ఇంట్లోనే రెండు దారులున్నాయి. ఒకటి యంత్రంలోని మెమరీ కార్డు, రెండోది చేత్తో రాసుకునే నిద్ర డైరీ.

కార్డును ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే రాత్రంతా సాగిన శ్వాస గీతలుగా కనిపిస్తుంది. చాలామంది మొదట చూసేది ఏహెచ్ఐ, అంటే గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగింది లేదా మందగించింది అన్న లెక్క. అది 5 లోపు ఉంటే చికిత్స పనిచేస్తున్నట్టే భావిస్తారు. నా దృష్టిలో లీకు గీత కూడా అంతే విలువైనది. తెల్లవారుజామున మూడింటికి నోరు తెరుచుకుని గాలి బయటికి పోతే ఆ గీత చివ్వున లేస్తుంది, రాత్రి మొత్తం సగటులో మాత్రం ఆ సంగతి మరుగున పడిపోతుంది. అయితే, మాస్కుతో మేలుకుని దొర్లిన గంటను కూడా యంత్రం వాడకం కిందే లెక్కిస్తుంది.

ఆ గంట సంగతి డైరీయే చెబుతుంది. పడుకున్న వేళ, నిద్ర పట్టడానికి పట్టిన సమయం, మెలకువలు, లేచిన వేళ, సాయంత్రం తాగిన కాఫీ: పొద్దున్నే ఉజ్జాయింపుగా రాస్తే చాలు, రాత్రి గడియారం చూడకూడదు. జ్ఞాపకం పొరబడవచ్చు, శ్వాస ఆగిన సంగతి డైరీకి అసలే తెలియదు.

రెండు వారాలు రెండూ ఉంచమంటాను. గీతలు నిలకడగా ఉండి డైరీలో ఐదు గంటల నిద్రే కనిపిస్తే, పీడనాన్ని సొంతంగా మార్చకుండా, రెండింటినీ వైద్యుడికి చూపించి నిద్రలేమి, థైరాయిడ్, రక్తహీనత గురించి అడగాలి.