ఏసీసీ సాకర్ చూడడానికి కరోలినా ప్రయాణం: మైదానాలు, బసలు, అభిమానుల మాటలు

అమెరికా కళాశాల సాకర్‌ను దగ్గరగా చూడదలచిన వారికి నార్త్ కరోలినాలోని రాలీ, డర్హమ్, చాపెల్ హిల్, కేరీ పట్టణాల ప్రాంతాన్ని మించిన చోటు లేదని నా దృఢమైన అభిప్రాయం. ట్రయాంగిల్ అని అందరూ పిలిచే ఈ ప్రాంతంలో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా, డ్యూక్, ఎన్.సి. స్టేట్ విశ్వవిద్యాలయాలు ఒకదానికొకటి గంటలోపు ప్రయాణ దూరంలో ఉన్నాయి. నాలుగోదైన వేక్ ఫారెస్ట్ పడమర దిక్కున సుమారు వంద మైళ్ల దూరంలో విన్‌స్టన్-సేలమ్‌లో ఉంది. ఈ నాలుగూ 1953లో ఏర్పడిన అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లోని జట్లే. కాన్ఫరెన్స్ అంటే తమలో తాము పోటీపడే విశ్వవిద్యాలయాల కూటమి. అభిమానుల నోట అది ఎప్పుడూ ఏసీసీ. ఈ కాన్ఫరెన్స్ స్థాయి ఏమిటో తెలియాలంటే 2024 డిసెంబరులో కేరీలో జరిగిన మహిళల కాలేజ్ కప్‌ను తలచుకుంటే చాలు. జాతీయ స్థాయి సెమీఫైనల్స్‌కు చేరిన నార్త్ కరోలినా, డ్యూక్, వేక్ ఫారెస్ట్, స్టాన్‌ఫర్డ్ నాలుగూ ఏసీసీ జట్లే కాగా, ఫైనల్లో నార్త్ కరోలినా 1-0 తేడాతో వేక్ ఫారెస్ట్‌పై గెలిచింది. అంతటి జట్లు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తమ తమ ప్రాంగణాల్లో, మైదానానికి పది అడుగుల దూరంలో కూర్చున్న ప్రేక్షకుల ముందు కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఆడుతుంటాయి. మేము అట్లాంటా నుంచి కారులో బయలుదేరినది వాటి కోసమే.

కళాశాల సాకర్ ఆగస్టులో మొదలై డిసెంబరులో ముగుస్తుంది. కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు సెప్టెంబరులో ఊపందుకుంటాయి. ఏసీసీలో మహిళల మ్యాచ్‌లు ఎక్కువగా గురువారం, ఆదివారం, పురుషుల మ్యాచ్‌లు ఎక్కువగా శుక్రవారం, మంగళవారం పెడతారు కాబట్టి, గురువారం మధ్యాహ్నానికి చేరుకోగలిగితే ఆదివారం సాయంత్రానికల్లా మూడు మైదానాల్లో మూడు మ్యాచ్‌లు తీరికగా చూడవచ్చు. పాఠశాల జట్టులో మిడ్‌ఫీల్డర్‌గా ఆడే మా అమ్మాయికి ఇది ప్రాణం. మా ఆవిడకు ఆట కంటే ఊళ్లు చూడడం ఇష్టం. ఇద్దరికీ తృప్తి కలిగేలా యాత్రను వేసుకోవడం ఈ ప్రాంతంలో కష్టం కాదు.

అట్లాంటా నుంచి ఐ-85 రహదారిపై ఉత్తరంగా వెళ్లేవారికి సుమారు రెండు గంటల్లోనే సౌత్ కరోలినాలోని క్లెమ్సన్ వస్తుంది. ట్రయాంగిల్‌కు చెందకపోయినా, ఏసీసీ పురుషుల సాకర్ గురించి మాట్లాడేవారెవరూ అక్కడి మైదానం రిగ్స్ ఫీల్డ్‌ను వదలలేరు. క్లెమ్సన్ పురుషుల జట్టు 1984, 1987, 2021, 2023 సంవత్సరాల్లో జాతీయ విజేత. శుక్రవారం రాత్రి మ్యాచ్‌కు నారింజ రంగు చొక్కాలతో విద్యార్థులు, ఊరివాళ్లు, పసిపిల్లలను ఎత్తుకున్న తల్లిదండ్రులు కలిసి వస్తారు. ఊరు చిన్నది, హోటళ్లు తక్కువ. మ్యాచ్ చూసి, ఆ రాత్రికి గ్రీన్‌విల్ వైపు వెళ్లి బస చేయడం మేలు. క్లెమ్సన్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సొంత ఊళ్లో ఆడే వారాంతమైతే మాత్రం సాకర్ కోసం అటు వెళ్లవద్దని గట్టిగా చెబుతాను. గదులు దొరకవు, దొరికినా ధర రెండు మూడు రెట్లు ఉంటుంది, రెండు రాత్రులకు తప్పనిసరిగా తీసుకోవాలని షరతు కూడా పెడతారు. చాపెల్ హిల్‌కూ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. సాకర్ పట్టికతోపాటు ఫుట్‌బాల్ పట్టికనూ పక్కన పెట్టుకొని తేదీలు ఎంచుకోవాలి.

ఇక చాపెల్ హిల్. ఒక్క మ్యాచ్‌కే వీలుంటే ఏది చూడాలని ఎవరైనా అడిగితే, నార్త్ కరోలినా మహిళల జట్టు డోరెన్స్ ఫీల్డ్‌లో ఆడే ఆదివారం మ్యాచ్ అని తడుముకోకుండా చెబుతాను. పాత ఫెట్జర్ ఫీల్డ్ ఉన్నచోటనే కట్టి 2019లో ప్రారంభించిన ఈ మైదానంలో సుమారు 4,200 మంది కూర్చోవచ్చు. 1979లో మహిళల జట్టును మొదలుపెట్టినప్పటి నుంచి 2024 ఆగస్టులో విరమించేవరకు శిక్షకుడిగా ఉన్న ఆన్సన్ డోరెన్స్ పేరు దానికి పెట్టారు. ఆయన కాలంలో ఈ జట్టు ఎన్‌సీఏఏ (అమెరికా కళాశాల క్రీడలను నడిపే జాతీయ సంస్థ) టైటిళ్లు 21 గెలిచింది. మియా హామ్, క్రిస్టీన్ లిల్లీ, టోబిన్ హీత్, క్రిస్టల్ డన్ ఇక్కడ చదువుకుంటూ ఆడినవారే. ఇంగ్లండ్ జట్టులో పేరు పొందిన లూసీ బ్రాన్జ్ కూడా ఒక సీజన్ ఇక్కడ ఆడి 2009లో టైటిల్ అందుకుంది. ఈ చరిత్రంతా తెలిసినవారు గ్యాలరీలో మన పక్కనే కూర్చుంటారు.

మా పక్కన కూర్చున్న పెద్దావిడ ఎనభైల దశకం నుంచి ఈ జట్టును చూస్తున్నారట. డోరెన్స్ విరమణ తరువాత శిక్షకుడైన డేమన్ నహాస్ చేతిలో జట్టు ఎలా మారిందన్నది ఆవిడకూ వెనక వరుసలోని ఇద్దరు పూర్వ విద్యార్థులకూ మధ్య మ్యాచ్ ఆసాంతం సాగిన చర్చ. పాత పద్ధతిలో ప్రత్యర్థిని వారి సగంలోనే ఊపిరాడనివ్వకుండా వెంటపడేవారని, ఇప్పుడు బంతిని నిలుపుకొని ఆడే ఓపిక పెరిగిందని ఆవిడ అన్నారు. పూర్వ విద్యార్థులు ఒప్పుకోలేదు. జట్టుమారే నిబంధనలు సడలిన తరువాత ఏటా సగం జట్టు కొత్తగా కనిపిస్తోందని, ఒక పద్ధతి కుదురుకునేలోపే ఆటగాళ్లు వెళ్లిపోతున్నారని వారి బాధ. ఆ మాటలు వినడానికే మా అమ్మాయి విరామంలో తినుబండారాల వైపు కూడా వెళ్లలేదు. ప్రత్యర్థి జట్టు అభిమానులు ఎదుటి వైపున పదిహేను ఇరవై మంది ఉన్నారు. మ్యాచ్ అయ్యాక వారు ఇటువైపు వచ్చి అభినందించి వెళ్లడం చూసి మా ఆవిడ ఎంతో సంతోషించింది.

చాపెల్ హిల్‌లో పార్కింగే అసలు చిక్కు. ప్రాంగణంలోని పార్కింగ్ కట్టడాలకు డబ్బు చెల్లించి దూరం నడవడం కంటే, ఊరి అంచున ఉన్న పార్క్ అండ్ రైడ్ స్థలంలో కారు ఉంచి సిటీ బస్సు ఎక్కడం మేలు. చాపెల్ హిల్ ట్రాన్సిట్ బస్సులకు టికెట్ లేదు. 2002 నుంచి ఉచితమే. అయితే ఆదివారాల్లో చాలా మార్గాలు నడవవు కాబట్టి ముందే చూసుకోవాలి. ప్రాంగణాన్ని ఆనుకొని 1924లో కట్టిన కరోలినా ఇన్ ఉంది. పాత కాలపు ఇటుక భవనం, వెడల్పాటి వరండా, మైదానానికి నడిచి వెళ్లే దూరం. ఒక రాత్రికి ఖర్చు పెట్టగలిగితే ఆ డబ్బుకు విలువ ఉంది. కుటుంబమంతా మూడు నాలుగు రాత్రులు ఉండడానికి మాత్రం కేరీ, మోరిస్‌విల్ వైపు వెళ్లాలన్నదే నా మాట.

డర్హమ్‌లో డ్యూక్ ఆడే కోస్కినెన్ స్టేడియం సుమారు 4,500 మందికి సరిపోతుంది. ఆటను చదవాలనుకునేవారు పై వరుసల్లో కూర్చుంటే జట్ల అమరిక స్పష్టంగా కనిపిస్తుంది. దగ్గరలోనే 1932లో పూర్తయిన, 210 అడుగుల ఎత్తు గోపురమున్న డ్యూక్ చాపెల్, 55 ఎకరాల సారా పి. డ్యూక్ తోటలు ఉన్నాయి. తోటల్లోకి ప్రవేశం ఉచితం. మధ్యాహ్నం తోటలు, సాయంత్రం సాకర్ అన్నది మా యాత్రలో అందరికీ ఎక్కువగా నచ్చిన రోజు. రాలీలో ఎన్.సి. స్టేట్ ఆడే డేల్ ఫీల్డ్ ప్రధాన ప్రాంగణానికి కాస్త ఎడంగా, మెథడ్ రోడ్డులో ఉంటుంది; సౌకర్యాలు తక్కువ, సందడి బాగానే ఉంటుంది.

విన్‌స్టన్-సేలమ్ వెళ్లి రావడానికి ఒక రోజంతా కేటాయించాలి. స్ప్రై స్టేడియంలో సుమారు మూడు వేల మందికి చోటుంది. 2007లో జాతీయ టైటిల్ గెలిచిన వేక్ ఫారెస్ట్ పురుషుల జట్టుకు ఊళ్లో మంచి ఆదరణ ఉంది. ప్రాంగణం పక్కనే 1917లో కట్టిన రెనాల్డా హౌస్ ఇప్పుడు అమెరికన్ చిత్రకళల ప్రదర్శనశాల. దాని చుట్టూ ఉన్న తోటలో నడవడం హాయిగా ఉంటుంది. అక్కడికి అయిదారు మైళ్లలోపే ఓల్డ్ సేలమ్, అంటే 1766లో మొరేవియన్ క్రైస్తవులు నెలకొల్పిన ఊరు, పాత ఇళ్లతో సహా నిలిచి ఉంది. సాకర్ మీద అంతగా ఆసక్తి లేనివారిని వెంట తీసుకువెళ్తున్నవారు ఈ ఊరిని తప్పక చేర్చుకోవాలి.

ఐరోపా లీగ్‌లు చూసే అలవాటున్న మన వారికి కళాశాల సాకర్ నిబంధనలు మొదట కొత్తగా తోస్తాయి. గడియారం 45 నిమిషాల నుంచి సున్నా వైపు వెనక్కి నడుస్తుంది. రిఫరీ సైగ చేస్తే ఆగుతుంది. కాబట్టి చివర కలిపే అదనపు నిమిషాలు ఉండవు, ఆఖరి పది సెకన్లను గ్యాలరీ అంతా గొంతెత్తి లెక్కపెడుతుంది. మొదటి సగంలో బయటికి వెళ్లిన ఆటగాడు ఆ సగంలో మళ్లీ రాకూడదు. రెండో సగంలో ఒకసారి తిరిగి రావచ్చు. అందువల్ల రిజర్వు ఆటగాళ్ల పాత్ర ఇక్కడ చాలా పెద్దది. 2022 నుంచి సాధారణ సీజన్‌లో అదనపు సమయం తీసేశారు. అంతకు ముందు సమంగా ఉన్న మ్యాచ్‌కు పది నిమిషాల చొప్పున రెండు భాగాలు ఆడించేవారు, వాటిలో గోల్ పడిన క్షణాన ఆట ముగిసేది. ఆ ఉత్కంఠ పోయిందని డర్హమ్‌లో మా ముందు వరుసలోని వారు వాపోతే, గురువారం ఆడి ఆదివారం మళ్లీ ఆడవలసిన పిల్లల కాళ్ల సంగతి ఆలోచించమని ఒక తండ్రి బదులిచ్చారు. ఆయన కూతురు ఆ సాయంత్రం మైదానంలో ఉంది. నేను ఆ తండ్రి పక్షమే. గెలుపోటములు తేలే మ్యాచ్ కావాలనుకునేవారికి నవంబరులో ఏసీసీ టోర్నమెంట్ ఉండనే ఉంది. అక్కడ అదనపు సమయం పూర్తిగా ఆడిస్తారు, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు.

ఏ మైదానంలో కూర్చున్నా చర్చకు వచ్చే మరో సంగతి కాన్ఫరెన్స్ విస్తరణ. 2024లో కాలిఫోర్నియా నుంచి స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ, డాలస్ నుంచి ఎస్.ఎం.యు. చేరాయి. అట్లాంటిక్ తీరం పేరున్న కాన్ఫరెన్స్‌లో పసిఫిక్ తీరపు జట్లేమిటని పాత అభిమానుల అభ్యంతరం. కార్లలో వెంట వెళ్లి చూసే మ్యాచ్‌లు తగ్గి, విమానం ఎక్కవలసినవి పెరిగాయని వారి లెక్క. చదువు మధ్యలో ఖండం దాటి ప్రయాణాలు చేయవలసి రావడం విద్యార్థులకు న్యాయం కాదని నాకూ అనిపిస్తుంది. కానీ 2011, 2017, 2019 సంవత్సరాల్లో జాతీయ విజేతగా నిలిచిన స్టాన్‌ఫర్డ్ మహిళల జట్టు చాపెల్ హిల్‌కో డర్హమ్‌కో వస్తుంటే, యాత్రికులమైన మనకు అంతకంటే మంచి మ్యాచ్ దొరకదన్నదీ నిజమే.

బస విషయానికి వస్తే, రాలీ-డర్హమ్ విమానాశ్రయం చుట్టూ, కేరీ, మోరిస్‌విల్ పట్టణాల్లో ఉండే మధ్యతరగతి హోటళ్లే కుటుంబాలకు అనువైనవి. వంటగది ఉన్న గదులు దొరుకుతాయి, పార్కింగ్ సాధారణంగా ఉచితం, మూడు విశ్వవిద్యాలయాలకూ ఇంచుమించు సమదూరం. మేము దిగిన ఒక హోటల్‌లో రాత్రి మ్యాచ్ చూసి ఆలస్యంగా చేరేసరికి ముందు కౌంటర్లో ఎవరూ లేక చాలాసేపు నిలబడవలసి వచ్చింది; రాత్రి తొమ్మిది దాటి చేరేవారు బయలుదేరే ముందు ఫోన్ చేసి చెప్పడం మంచిది. ఈ రెండు పట్టణాల్లో తెలుగువారు ఎంతమంది ఉన్నారంటే, ఇడ్లీ, పెసరట్టు, గోంగూర పచ్చడి వెతుక్కోవలసిన పని లేదు. కేరీలోని శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయానికి 2022లో ప్రారంభించిన 87 అడుగుల రాజగోపురం ఉంది. ఆదివారం ఉదయం దర్శనం చేసుకొని, మధ్యాహ్నం మ్యాచ్‌కు చాపెల్ హిల్ చేరుకోవడం చక్కగా కుదురుతుంది. మైదానాల్లో తినుబండారాలు నామమాత్రమే కాబట్టి తిని వెళ్లడమే నయం; పెద్ద సంచులను చాలాచోట్ల లోపలికి రానివ్వరు.

టికెట్లకు జేబు పెద్దగా ఖాళీ కాదు. చాలా కాన్ఫరెన్స్ మ్యాచ్‌లకు ప్రవేశం ఉచితమో, కొద్ది డాలర్లో. ఏ మ్యాచ్‌కు ఎంతన్నది ఆయా విశ్వవిద్యాలయాల క్రీడా విభాగం ముందే ప్రకటిస్తుంది. సెప్టెంబరులో ఉక్కతోపాటు ఉరుములూ ఉంటాయి. దగ్గరలో మెరుపు కనిపిస్తే ఆట ఆపి, చివరి మెరుపు నుంచి 30 నిమిషాలు గడిచాకనే తిరిగి మొదలుపెడతారు. రాత్రి ఏడింటి మ్యాచ్ పదకొండుకు ముగిసే అవకాశం ఉంటుంది కాబట్టి ఆ రాత్రే తిరుగు ప్రయాణం పెట్టుకోకూడదు.

నవంబరులో వచ్చేవారికి కేరీలోని వేక్‌మెడ్ సాకర్ పార్క్ అన్ని విధాలా సుఖమైన చోటు. 2002లో ప్రారంభమైన ఈ పార్క్‌లోని ప్రధాన స్టేడియంలో పది వేల మంది కూర్చోవచ్చు. ఏసీసీ టోర్నమెంట్ ఆఖరి మ్యాచ్‌లకు ఇది అలవాటైన వేదిక. 2021లో క్లెమ్సన్ పురుషులు జాతీయ టైటిల్ గెలిచిందీ ఇక్కడే. కుర్చీలు, మరుగుదొడ్లు, దారి చూపే సిబ్బంది, అన్నీ వృత్తిపర లీగ్ స్థాయిలో ఉంటాయి. అయినా తటస్థ వేదిక కావడం వల్ల సొంత ప్రాంగణంలో ఉండే సందడి రాదు. తమ జట్టు ముందే ఓడిపోతే ఆ జట్టు అభిమానులు రారు, కుర్చీలు చాలావరకు ఖాళీగా కనిపిస్తాయి. అందుకే టోర్నమెంట్ కంటే అక్టోబరు మొదటి రెండు వారాల్లోని కాన్ఫరెన్స్ మ్యాచ్‌లకే నా ఓటు. అప్పటికి ఎండ తగ్గుతుంది, పాయింట్ల పట్టికలో ప్రతి గెలుపుకూ విలువ పెరుగుతుంది. నవంబరు తప్ప మరో వీలు లేనివారు ఫైనల్ కంటే సెమీఫైనల్స్ రోజు టికెట్ కొనడం మేలు. నాలుగు జట్ల అభిమానులూ అప్పటికింకా ఊళ్లోనే ఉంటారు.