పెన్సకోలా నుంచి హాటీస్‌బర్గ్ వరకు: జెస్సీ బ్రౌన్ జాడలో మూడు రోజులు

అమెరికా నౌకాదళంలో విమాన శిక్షణ పూర్తిచేసిన తొలి నల్లజాతి పైలట్ జెస్సీ లిరాయ్ బ్రౌన్ గురించి పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి బళ్లో విని వచ్చి అడిగిన ప్రశ్నలే ఈ ప్రయాణానికి కారణం. అట్లాంటా నుంచి కారులో బయలుదేరి ముందు ఫ్లోరిడాలోని పెన్సకోలాకు, అక్కడి నుంచి ఆయన పుట్టిన ఊరైన మిస్సిసిపీలోని హాటీస్‌బర్గ్‌కు వెళ్లాము.

పెన్సకోలాలోని నేషనల్ నేవల్ ఏవియేషన్ మ్యూజియానికి ప్రవేశ రుసుము లేదు. అయితే అది నౌకాదళ స్థావరం లోపల ఉన్నందువల్ల పశ్చిమ ద్వారం గుండా వెళ్లాలి. పద్దెనిమిదేళ్లు నిండినవారందరూ గుర్తింపు పత్రం చూపాలి. నూట యాభైకి పైగా విమానాలున్న ఆ ప్రాంగణానికి ఒక పూట చాలదు. మేము ఎక్కువసేపు గడిపింది బ్రౌన్ కొరియా యుద్ధంలో నడిపిన రకానికి చెందిన కోర్సైర్ విమానం దగ్గరే. పక్షి రెక్కను తిరగేసినట్టు కిందికి వంగి మళ్లీ పైకి లేచే దాని రెక్కలు, పద్దెనిమిది సిలిండర్ల ఇంజను, ఆ పొడవాటి ముక్కుకు ఎంతో వెనకగా ఉన్న ఇరుకైన పైలట్ గది చూశాక, 1950 డిసెంబరు 4న ఏమి జరిగిందో మాకు కళ్లకు కట్టింది. ఆ రోజు ఉత్తర కొరియాలోని చోసిన్ జలాశయం దగ్గర బ్రౌన్ విమానం మంచుకొండల్లో కూలి, పైలట్ గది దగ్గర వంగిపోయి, ఆయన కాలు లోపల ఇరుక్కుపోయింది. తోటి పైలట్ థామస్ హడ్నర్ తన విమానాన్ని కావాలనే ఆ పక్కనే కూల్చి దింపి, పొగలు వస్తున్న ఇంజనుపై చేతులతో మంచు కుక్కుతూ, ఆయన తలకు ఉన్ని టోపీ తొడిగి, హెలికాప్టర్ వచ్చేదాకా వెంటే ఉన్నా కాలిని విడిపించలేకపోయారు. భార్య డైసీకి తన ప్రేమను తెలియజేయమన్నది బ్రౌన్ చివరి కోరిక. ఆమెను ఆయన 1947లో, పెళ్లి చేసుకోకూడదన్న శిక్షణ నియమాన్ని దాటి, రహస్యంగా పెళ్లాడింది ఈ పెన్సకోలాలోనే.

బస విషయానికొస్తే, తీరంలో కాకుండా ఊళ్లో గది తీసుకోవడమే మేలు. మేము దిగిన తీరపు హోటల్లో అద్దె ఎక్కువ, ఏసీ రాత్రంతా మోత, ఫిర్యాదు చేస్తే గది మార్చడానికి రెండు గంటలు పట్టింది.

అలబామాలోని మొబైల్ నగరం మీదుగా హాటీస్‌బర్గ్‌కు దాదాపు మూడు గంటల ప్రయాణం. ఇక్కడి హోటల్ సాదాసీదాదే అయినా శుభ్రంగా ఉంది, అద్దె తక్కువ, సిబ్బంది ఆదరంగా మాట్లాడారు. శాకాహారులకు దారిలో దొరికేది తక్కువ. మేము కట్టుకెళ్లిన పులిహోరే ఆదుకుంది.

ఆరో వీధిలో, క్యాంప్ షెల్బీ సైనిక శిబిరంలోని నల్లజాతి సైనికుల కోసం 1942లో కట్టిన వినోద, విశ్రాంతి భవనంలో ఇప్పుడు ఆఫ్రికన్ అమెరికన్ సైనిక చరిత్ర మ్యూజియం ఉంది. పెన్సకోలాతో పోలిస్తే చాలా చిన్నది, గంటన్నరలో చూసేయవచ్చు. అయినా, ఒక్కచోటికే సమయం ఉన్నవారికి నేను చెప్పేది ఇదే. అక్కడ యంత్రాలు కనిపిస్తాయి, ఇక్కడ మనిషి తెలుస్తాడు. 1926లో పుట్టి, పేదరికంలో పెరిగి, యురేకా పాఠశాలలో బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్, పరుగు పందేలలో రాణిస్తూనే 1944లో తరగతిలో రెండో స్థానంతో బయటికి వచ్చిన కుర్రవాడు, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పగలు ఆర్కిటెక్చర్ (భవన నిర్మాణ శాస్త్రం) చదివి రాత్రిళ్లు రైల్వేలో సరుకులెత్తాడు. మరణానంతరం లభించిన డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అనే సైనిక పతకానికి వెనక ఆ రాత్రిళ్లు కూడా ఉన్నాయని నా నమ్మకం.

1921లో ఇటుకతో కట్టిన యురేకా పాఠశాల భవనాన్ని బయటినుంచే చూశాము. హడ్నర్ 2013లో, ఎనభై ఎనిమిదేళ్ల వయసులో, కూలినచోటే ఉండిపోయిన మిత్రుడి అవశేషాలను తేవాలని ఉత్తర కొరియాకు వెళ్లి, వర్షాల వల్ల ఆ కొండలకు చేరలేక తిరిగి వచ్చారని చెప్పగానే, మా అబ్బాయి కారు ఎక్కకుండా మరో పావుగంట ఆ మెట్ల దగ్గరే నిలబడ్డాడు.