గోల్డెనా, లాబ్రడారా? ముందు దువ్వెన సంగతి తేల్చుకోండి

మా కుక్క బంటిగాడి ఫొటో ఎక్కడ పెట్టినా కింద అదే ప్రశ్న. "అన్నా, గోల్డెన్ తీసుకోమంటావా, ల్యాబ్ తీసుకోమంటావా?" ఒక్కొక్కరికీ విడివిడిగా రాసి రాసి విసుగొచ్చింది, అందుకే ఒకేసారి ఇక్కడ రాసేస్తున్నా. హైదరాబాద్‌లో మా ఇంట్లో ఉన్న బంటిగాడు గోల్డెన్ రిట్రీవర్, పై వాటాలో మా బావమరిది దగ్గరున్నది ల్యాబ్, అంటే లాబ్రడార్ రిట్రీవర్, పేరు రాణి. రెండిటితోనూ నాలుగేళ్లుగా వేగుతున్నా కాబట్టి చెప్పే అర్హత కొంచెం ఉందనే అనుకుంటున్నా.

రెండూ పిల్లలతో బాగుంటాయి, రెండూ ముప్పై కిలోల దాకా పెరుగుతాయి, కాపలాకు మాత్రం రెండూ దండగే, దొంగొచ్చినా తోకూపుతాయి. ఇదంతా మీకు తెలిసిందే.

రిట్రీవర్ అంటేనే వేటగాడు కొట్టిన పక్షిని పంటిగాటు పడకుండా తెచ్చి చేతికిచ్చే కుక్క. ఇది పుస్తకాల్లో చదివినప్పుడు నమ్మలేదు. ఇప్పుడు బంటిగాడు రోజూ పొద్దున గేటుకి తగిలించిన సంచిలోంచి పాల ప్యాకెట్ నోటితో పట్టుకుని వంటింటి దాకా తెస్తాడు. ప్యాకెట్ మీద ఇంత జొల్లు ఉంటుంది గానీ ఒక్క చుక్క కారదు. రాణి కూడా తేగలదు, కాకపోతే వంటింటికి చేరేది ఖాళీ కవరు. ఊరికే అనడం లేదు, ల్యాబ్‌ల తిండిగోల వెనక జన్యువుల సంగతి కూడా ఉంది. పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క లోపించడం వల్ల కొన్ని ల్యాబ్‌లకు ఆకలి ఎక్కువని, దాదాపు నాలుగో వంతు ల్యాబ్‌లలో ఆ తేడా ఉందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు చెప్పారు. ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య ఉండి, అడిగినప్పుడల్లా బిస్కెట్టు వేసే రకమైతే ల్యాబ్ రెండేళ్లలో పీపాలా తయారవుతుంది.

కానీ నా దృష్టిలో అసలు తేడా తిండి కాదు, బొచ్చు. అది అర్థం కావాలంటే ఈ కుక్కలు ఎక్కడివో కాస్త చూడాలి. ల్యాబ్ పూర్వీకులు, పేరులో లాబ్రడార్ అనే ప్రాంతం ఉన్నా, కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవి జాలర్ల దగ్గర నీళ్లలో దూకి వలలు, చేపలు లాగిన కుక్కలు. పొట్టి బొచ్చు, జిడ్డుగా ఉండి నీళ్లు అంటవు, మంచు గడ్డలు పట్టుకుని వేలాడవు. వాటిని ఇంగ్లండ్ దొరలు తెచ్చి వేటకు పెంచుకున్నారు, 1903లో కుక్కల జాతులను నమోదు చేసే అక్కడి కెన్నెల్ క్లబ్ జాతిగా గుర్తించింది.

గోల్డెన్ కథ స్కాట్లండ్ కొండల్లో, గీషకన్ ఎస్టేట్‌లో మొదలైంది. దాని యజమాని డడ్లీ మార్చ్‌బ్యాంక్స్, తర్వాత ట్వీడ్‌మౌత్ ప్రభువు అయ్యాడు. ఆయన 1865లో నల్ల కుక్కల ఈతలో ఒంటరిగా పసుప్పచ్చగా పుట్టిన 'నూస్' అనే కుక్కను బ్రైటన్‌లో కొన్నాడు. ఇప్పుడు అంతరించిపోయిన ట్వీడ్ వాటర్ స్పానియల్ జాతి ఆడకుక్క బెల్‌తో దాన్ని కలిపితే 1868లో పసుపు రంగు పిల్లలు పుట్టాయి. వాటికి క్రోకస్, కౌస్లిప్, ప్రిమ్‌రోజ్ అని పూల పేర్లు పెట్టుకున్నాడు (నాలుగోదాని పేరు 'ఏడా', దానికి పువ్వు దొరకలేదేమో). రష్యన్ సర్కస్ కుక్కల నుంచి పుట్టిందనే కథ చాలాకాలం నడిచింది, ఇప్పటికీ కొందరు అమ్మేవాళ్లు చెబుతుంటారు, నమ్మకండి. ఆయన రాసుకున్న పెంపకం లెక్కల పుస్తకం 1952లో బయటికొచ్చాక ఆ కథ పోయింది.

సంగతేంటంటే, అది చలికీ వానకీ చన్నీళ్లకీ తయారైన కుక్క. లోపల దట్టమైన మెత్తని పొర, పైన పొడవాటి వెంట్రుకలు, కాళ్ల వెనకా తోకకూ కుచ్చులు. దువ్వకపోతే చెవుల వెనకా చంకల కిందా వెంట్రుకలు ఉండలు కడతాయి. మొదటి వానాకాలం నేను బద్ధకించి వారం రోజులు వదిలేశా. ఒకరోజు బంటిగాడి చెవి దగ్గర వాసన వస్తోంది, బొచ్చు పక్కకు తీసి చూస్తే రూపాయి బిళ్లంత మేర ఎర్రగా చెమ్మగా పుండు. తడి ఆరక ఉండ కింద చర్మం పాడైంది. డాక్టర్ అక్కడ గొరిగి మందు రాసి, నాకు క్లాసు పీకి పంపించారు.

అంతకుముందు ఎండాకాలంలో ఇంకో తప్పు చేశా. వాడికి ఉక్కపోస్తుందని ఒళ్లంతా గొరిగించేశా. రెండు పొరల బొచ్చున్న కుక్కకు అలా చేయకూడదట, మళ్లీ సరిగా రాకపోవచ్చట, ఎండ నేరుగా చర్మానికి తగులుతుందట. వాడి నడుము దగ్గర బొచ్చు ఇప్పటికీ పాత చాప మాదిరే ఉంటుంది. ఇప్పుడు గొరగడం లేదు, రోజూ ఇరవై నిమిషాలు దువ్వుతున్నా, వానాకాలంలో అరగంట. అమెరికాలో మా అక్కావాళ్లకీ గోల్డెనే ఉంది, వాళ్లకి ఇరవై నాలుగ్గంటలూ ఏసీ, అయినా దువ్వెన తప్పలేదు.

ల్యాబ్ బొచ్చు రాలదని ఎవరైనా అంటే అబద్ధం. రాణి బొచ్చు సూదుల్లా సోఫాలో దిగబడుతుంది. కానీ వారానికి రెండుసార్లు రబ్బరు బ్రష్‌తో రుద్దితే దాని పని అయిపోతుంది, వానలో తడిసినా తువ్వాలుతో తుడిస్తే ఆరిపోతుంది. ఎండకి మాత్రం రెండూ ఒకటే, మే నెలలో పొద్దున ఆరు దాటాక బయటికి తీసుకెళ్లొద్దు.

ఆరోగ్యం విషయానికొస్తే తుంటి కీళ్ల జబ్బు రెండిటికీ వస్తుంది, కొనేముందు తల్లిదండ్రుల ఎక్స్‌రే అడగండి, నసిగితే వచ్చేయండి. గోల్డెన్లకు క్యాన్సర్ బెడద ఎక్కువ, అమెరికాలో 2012 నుంచి మూడు వేలకు పైగా గోల్డెన్లను బతికినంత కాలం గమనిస్తూ దీనిమీదే పెద్ద పరిశోధన నడుస్తోంది. ఇది తలుచుకుంటే నాకు టెన్షనే, అందుకే ఎక్కువ రాయను.

బీగిల్, షిజు జాతుల గురించి కూడా అడుగుతున్నారు. బీగిల్ వాసన పట్టుకుని పారిపోతుంది, షిజుకీ దువ్వెన తప్పదు, అంతే. మన వీధి కుక్కపిల్లను తెచ్చుకుంటే ఎండా వానా సమస్యే ఉండదు, అసలు అదే తెలివైన పని, కానీ ఈ ప్రశ్న అడిగేవాళ్లు అప్పటికే గోల్డెన్ రీల్స్ చూసి మనసు పారేసుకుని ఉంటారు.

నన్నడిగితే పదిమందిలో ఎనిమిది మందికి ల్యాబే. మళ్లీ తెచ్చుకుంటే నేను మాత్రం గోల్డెనే తెచ్చుకుంటా, అది వేరే సంగతి. మాకూ గోల్డెనే కావాలి అని పట్టుబట్టేవాళ్లకు ఒకటే చెబుతున్నా, పదిరోజులు సాయంత్రం మా ఇంటికొచ్చి బంటిగాణ్ణి దువ్వండి, తర్వాత మాట్లాడదాం. ఇప్పటిదాకా ఇద్దరొచ్చారు. ఒకాయన ఐదు రోజులు దువ్వి ల్యాబ్ తెచ్చుకున్నాడు. రెండో అతను మూడో రోజు నుంచి ఫోన్ ఎత్తడం లేదు.